కోళ్ళ షెడ్డులో వెల్లుల్లి కారం

ఫిబ్రవరి 9, సోమవారం

ఈ ఉదయం నుంచి మా పెద్దమ్మ లూర్దమ్మ గారి కోళ్ళ షెడ్డుకు నేను తాత్కాలిక మహారాణిని. పట్టాభిషేకం ఫోనులో జరిగింది. మా పెద్దమ్మ తుంటి ఎముకకి ఆపరేషను చేయించుకుని నందిగామలో వాళ్ళ అమ్మాయి రూబీ అక్క ఇంట్లో మంచం మీద ఉంది. షెడ్డేమో ఇక్కడ, జగ్గయ్యపేట దాటాక గరికపాడు దారిలో, మూడొందల కోడిపిల్లలతో ఉంది. నడుమ నేనున్నాను. బీఎస్సీ బయోకెమిస్ట్రీ, ఉద్యోగాలు మానేయడంలో రెండేళ్ళ అనుభవం.

షరతు చాలా స్పష్టం. ఈ పిల్లల్ని ఈస్టర్ పండక్కి కిలో బరువుకి తెచ్చి అమ్మగలిగితే షెడ్డు ఇక నాదే. లేకపోతే హైవే మీద ధాబా నడిపే కిషోర్‌బాబు గారికి, లారీలు నిలుపుకోవడానికి లీజుకి ఇచ్చేస్తుంది. ఆయన అప్పుడే టేపు తెచ్చి కొలుచుకుని వెళ్ళాడు. కోళ్ళ మధ్య నుంచే.

ఎవరూ చదవరు కాబట్టి ఒక నిజం రాసి పెడతాను. నాకు ఈ షెడ్డు కావాలి. చిన్నప్పటి సెలవులన్నీ ఇక్కడే గడిచాయి. హైదరాబాదు ల్యాబులో పొద్దున్నే లేవాలంటే ఏడుపొచ్చేది. ఇక్కడ అలారం మోగకముందే లేస్తున్నాను. ఇంతటితో నిజాలు చాలు.

రాజ్యానికి వచ్చిన వెంటనే ఒక శాసనం చేశాను. పెద్దమ్మ అల్మారాలో తెల్ల పొడి ప్యాకెట్లు ఉన్నాయి. యాంటీబయాటిక్. కోడి తుమ్మితే తెల్ల పొడి, తుమ్మకపోతే ముందుజాగ్రత్తగా తెల్ల పొడి, ఇదీ ఆవిడ వైద్యం. నా పాలనలో తెల్ల పొడి నిషిద్ధం. దాని బదులు పసుపు, వెల్లుల్లి, వాము, మిరియాలు, మునగాకు, ఎండుమిరప. ఊరికే అనడం లేదు, పరిశోధనా పత్రాలు చదివాను. వెల్లుల్లి, వాము పేగుల్లో చెడ్డ క్రిముల్ని తగ్గిస్తాయట, పసుపు వాపు తగ్గిస్తుందట. మిరప ఘాటు కోడి నాలుకకి అసలు తెలియదు. ప్రభువు కోడికి రెక్కలిచ్చి ఎగరనివ్వలేదు, నాలుకిచ్చి కారం తెలియనివ్వలేదు. ఆయన చిత్తం.

ఫిబ్రవరి 10

నందిగామ వెళ్ళాను. పెద్దమ్మని చూసి, అక్కడి నుంచి రెండు వీధుల అవతల రత్నమణి గారింటికి. ఆవిడ ఇంట్లోనే కారాలు కొట్టి అమ్ముతుంది. నందిగామలో సగం ఇళ్ళలో ఇడ్లీ ఆవిడ పొడి లేకుండా దిగదు. మిర్చి యార్డులో ఏరి పక్కన పారబోసిన తాలుకాయల సంచీ, మిగతా దినుసులు ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ తాలుకాయని వేళ్ళతో విరిచి చూసి, ఈ పాలిపోయిన కాయలెందుకు తెచ్చావు తల్లీ, ఎవరికిది అని అడిగింది.

కోళ్ళకి అని చెప్పడానికి నోరు తెరిచాను. రోలు పక్కన పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది. ఆవిడ స్నానం చేసి, తడి జుట్టుతో కూర్చుని ఉంది. ఆ మొహం చూసి కోళ్ళకి అని ఎవరు చెప్పగలరు? "హాస్టలుకండి. ఆడపిల్లల హాస్టలు, గరికపాడు దగ్గర" అన్నాను. గంభీరంగా అన్నాను. వార్డెన్ కళ కూడా తెచ్చుకున్నాను.

ఆవిడ మొహం మెత్తబడింది. ఎలా చెయ్యమంటావు అంది. ఇంట్లోకి ఎలా చేస్తారో అలాగే చెయ్యండి, దేనికీ తగ్గించకండి అన్నాను.

తిరిగొస్తుంటే ఆడపిల్లలకి ఇవ్వమని డబ్బా నిండా సున్నుండలు పెట్టింది. జగ్గయ్యపేట రాకముందే అయిపోయాయి. హాస్టలు తరఫున వార్డెన్ తిన్నది.

ఫిబ్రవరి 12

పొడి వచ్చింది. దాణా కిలోకి రెండు చెంచాలు. కలుపుతుంటే నేను తుమ్మాను, పక్క పొలంలో కుక్క తుమ్మింది, గేటు దగ్గర నిలబడ్డ కిషోర్‌బాబు గారు తుమ్మారు. కోళ్ళు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు తిన్నాయి.

కళ్ళు తుడుచుకుంటూ ఆయన, "మసాలా అంతా నువ్వే పట్టించేస్తే నా వంటవాడు ఏం చెయ్యాలమ్మాయ్? ఊరికే సెగ చూపించి దింపెయ్యడమేగా?" అన్నారు. మీకు గ్యాసు ఆదా అండి అన్నాను. పోతూ పోతూ గేటు వెడల్పు అడుగులతో కొలిచారు. లారీ పడుతుందా లేదా అని.

ఫిబ్రవరి 14

ప్రేమికుల రోజు. మూడొందల మంది నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చారు. దాణా బకెట్టు చూసే అని నాకు తెలుసు.

ఫిబ్రవరి 18, విభూది బుధవారం

నుదుటి మీద బూడిదతో షెడ్డుకి వచ్చాను. ఈస్టర్ దాకా నలభై రోజుల తపస్సు కాలం మొదలు. అమ్మ ఇంట్లో మాంసం, చేప, గుడ్డు అన్నీ బంద్. నేను మాంసం మధ్యనే నిలబడి ఉపవాసం చేస్తున్నాను, నా పుణ్యం రెట్టింపు.

కోళ్ళు నీళ్ళు బాగా తాగుతున్నాయి. ఎండలు ముదురుతున్నాయి కదా. ఫిబ్రవరిలోనే ఇలా ఉంటే మే నెలలో ఏమైపోతామో.

సాయంత్రం పెద్దమ్మ ఫోన్. రోజూ అడిగేది ఒకటే ప్రశ్న: "ఊక పొడిగా ఉందా?"

ఉంది అన్నాను. ఉంది. అంటే, నీళ్ళ గిన్నెల చుట్టూ తప్ప అంతా పొడిగానే ఉంది.

ఫిబ్రవరి 20

నీళ్ళ గిన్నెలు కారుతున్నట్టున్నాయి. కింద పోసిన ఊక తడిగా ఉంది. గిన్నెలన్నీ తిరగేసి చూశాను. ఒక్కటీ కారడం లేదు. అయినా కారుతున్నట్టే ఉన్నాయి.

రెట్టలు పల్చగా పడుతున్నాయి. పేగుల్లో క్రిములు ఎదురుతిరిగి ఉంటాయి. ఓడిపోయే ముందు శత్రువు అలాగే విజృంభిస్తాడు. పొడి కిలోకి గుప్పెడు చేశాను.

ఫిబ్రవరి 21

బాగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 22

బాగానే ఉన్నాయి. ఊక మార్చాను. పెద్దమ్మ అడిగితే పొడిగా ఉంది అన్నాను. మార్చిన గంట వరకూ అది నిజమే.

ఫిబ్రవరి 23

బాగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 24

మూడు చనిపోయాయి. మూలన, ఒకదానిమీద ఒకటి.

మూడొందల్లో మూడు. పెద్దమ్మ చేతిలోనూ పోయేవి. పోలేదని ఆవిడ కూడా అనదు.

కారణాలు ఆలోచించాను. ఒకటి, ఎండ. రెండు, హేచరీ వాళ్ళు బలహీనమైన పిల్లల్ని అంటగట్టారు. మూడు, కిషోర్‌బాబు గారు ధాబా చెప్పులతో లోపలికి వచ్చి కొలిచారు, ఆ చెప్పులు ఎక్కడెక్కడ తిరిగాయో. మూడోదే నాకు బాగా నచ్చింది. ఆయన మీద కోపం రావడానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరుకుతుంది, నా మీద రావడానికే ఏదీ దొరకడం లేదు.

దాణా సరిగా తినడం లేదు కాబట్టి మందు లోపలికి వెళ్ళడం లేదు. నీళ్ళు మాత్రం ఆత్రంగా తాగుతున్నాయి. కనుక పొడిని నీళ్ళలోనే కలిపి మరిగించి, చల్లార్చి, కషాయంగా పోశాను. నాలుగు గిన్నెలకీ. ఎగబడి తాగాయి. ఇంత తెలివి ముందే ఎందుకు రాలేదో.

ఫిబ్రవరి 25

ఎనిమిది.

ఫిబ్రవరి 26

పశువుల డాక్టరు గారి దగ్గరికి చచ్చిన కోడిని సంచీలో తీసుకెళ్ళాను. కోసి చూశారు. పేగుల్లో రోగం గుర్తులేమీ పెద్దగా లేవు, ఒంట్లో మాత్రం నీరు చేరింది, మూత్రపిండాలు ఉబ్బాయి అన్నారు. దాణా ఏమైనా మార్చావా అని అడిగారు. కంపెనీ సంచీయే అన్నాను, వనమూలికలు తప్ప ఏమీ కలపడం లేదు అన్నాను. తర్వాత వెల్లుల్లి గురించి ఆయనకి చాలాసేపు చెప్పాను. ఓపిగ్గా విని, నువ్వు వేసే దాణా కాస్త తీసుకురా, చూద్దాం అన్నారు. వెళ్ళాలి. రేపు వెళ్తాను.

పెద్దమ్మకి ఎవరో చెప్పారు. ఫోనులో గొంతు మారిపోయింది.

"అల్మారాలో తెల్ల ప్యాకెట్టు ఉంది. చింపి నీళ్ళలో కలుపు."

"కలపను పెద్దమ్మా."

"నీ పంతానికి నా కోళ్ళు చావాలా?"

దానికి నా దగ్గర ఒక జోకు తయారుగానే ఉంది. నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

కాసేపటికి పెద్దమ్మే తగ్గింది. "రోగమొస్తే నీ తప్పేం లేదులే. రోగం ఎవరికైనా వస్తది. మళ్ళీ పిల్లల్ని దింపుకో, నేనేమీ అనను. కానీ నీ పొడే చంపిందని తెలిస్తే మాత్రం, ఆ రోజే తాళం కిషోర్‌బాబు చేతిలో పెడతా. ఆ మాట నీకు ముందే చెప్తున్నా."

రోగమే పెద్దమ్మా, ఇంకేమిటి అన్నాను.

రోగమే. ఇంకేమిటి?

ఫిబ్రవరి 27, శుక్రవారం

ఇది రాయడానికి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

పొద్దున్నే చచ్చినవాటిని ఏరాను. లెక్క రాయను. కొన్ని నిలబడలేక తూలుతున్నాయి, గిన్నె అంచు మీద మెడ వాల్చి తాగుతూనే ఉన్నాయి. అల్మారా తీసి తెల్ల ప్యాకెట్టు చేతిలోకి తీసుకున్నాను. చివర పళ్ళతో కొరికాను కూడా. మళ్ళీ లోపల పెట్టాను. మళ్ళీ తీశాను. మధ్యాహ్నం దాకా ఇదే నా పరిపాలన.

ఆకలేసింది. సిగ్గులేని ఆకలి. శుక్రవారం కాబట్టి అమ్మ అన్నం, పెరుగు మాత్రం పెట్టింది. డబ్బా తెరిస్తే పెరుగు మూత ఊడి స్కూటర్ డిక్కీలో ఒలికిపోయి ఉంది. ఉత్త అన్నం. షెడ్డు బయట మెట్టు మీద కూర్చుని దాన్ని చూశాను. పక్కనే రత్నమణి గారి పొడి సంచీ ఉంది.

కోళ్ళు తినగా లేనిది బీఎస్సీ తింటే తప్పేమిటని ఒక చెంచాడు వేసుకుని కలిపాను.

అబ్బ.

రెండు వారాలుగా నాలుకకి రుచి తగల్లేదు. వెల్లుల్లి వేడి, వాము వాసన, మునగాకు చిరుచేదు, అన్నీ ఎక్కడివక్కడ కుదిరాయి. రెండో ముద్ద. ఇంకో చెంచాడు వేసుకున్నాను. నెయ్యి ఉంటేనా అనుకున్నాను. మూడో ముద్ద. ఇంత బాగా ఎలా కుదిరిందబ్బా అనుకున్నాను.

నాలుగో ముద్ద నోటి ముందు ఆగిపోయింది.

ఉప్పు.

సరిపోయింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. అన్నంలోకి సరిపోయేంత ఉప్పు. ఇంట్లోకి ఎలా చేస్తారో అలాగే. దేనికీ తగ్గించకుండా.

ఏ ఇంట్లో అయినా, వెల్లుల్లి కారం ఉప్పు లేకుండా ఎవరు దంచుతారు? హాస్టలు ఆడపిల్లలకి చప్పటి పొడి ఎవరు పంపిస్తారు? ఆవిడ చెయ్యాల్సిందే చేసింది. నేను అడిగిందే చేసింది. దాణాలో ఉప్పు కంపెనీ వాళ్ళు ముందే వేస్తారు. దాని మీద నేను రెండు చెంచాలు, తర్వాత గుప్పెడు. తర్వాత, దాహంతో నీళ్ళ కోసం వచ్చినవాటికి ఉప్పునీళ్ళు. తాగేకొద్దీ దాహం, దాహమేసేకొద్దీ ఇంకా ఉప్పు. కారం నాలుకకి తెలియలేదు గానీ, ఉప్పు మాత్రం ఒంటికి తెలిసింది.

తెల్ల పొడి ముట్టుకోనని ప్రతిజ్ఞ చేశాను. రెండు వారాలుగా పోస్తున్నది తెల్ల పొడే.

ముద్ద కింద పెట్టేసి, పరిగెత్తి గిన్నెలన్నీ బోర్లించాను.

ఫిబ్రవరి 28

డాక్టరు గారికి ఫోన్ చేసి ఉప్పు మాట చెప్పాను. ఒక్కసారిగా బోలెడు నీళ్ళు పెట్టకు, మంచినీళ్ళు కొద్దికొద్దిగా, మాటిమాటికీ పెట్టు అన్నారు. ఆ పని తప్ప ఇవాళ ఇంకేమీ చేయలేదు. దాణా మార్చాను. ఊక మార్చాను. మాటిమాటికీ నీళ్ళు.

మార్చి 1, ఆదివారం

చర్చిలో పూజకి వెళ్ళలేదు. నీళ్ళు.

కిషోర్‌బాబు గారు వచ్చారు. ఈసారి గేటు బయటే ఆగారు, చెప్పులు అక్కడే విడిచి. డైరీలో ఆయన మీద వేసిన నేరం గుర్తొచ్చి మొహం తిప్పుకున్నాను. "చూడమ్మాయ్, నిన్ను ఏడిపించాలని కాదు. పక్షుల వ్యాపారం ఇంతే. లారీలకైతే ఏ రోగమూ రాదు" అన్నారు. అవునండీ అన్నాను. ఇంకేదో అనాల్సింది, ఆయన కూడా దానికోసమే నిలబడ్డట్టున్నారు.

పెద్దమ్మ ఫోన్. తగ్గిందా అంది. తగ్గుతోంది అన్నాను. "రోగమేనా?" అంది.

శుక్రవారం వస్తాను పెద్దమ్మా, అప్పుడు మాట్లాడతా అన్నాను.

మార్చి 3

ఒక్కటీ పోలేదు. సగానికి పైగా మిగిలాయి. లేచి తిరుగుతున్నాయి, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. ఇంత అందమైన పోట్లాట నేనెప్పుడూ చూడలేదు.

రోగం అని చెప్తే చాలు. డాక్టరు గారు నందిగామ వెళ్ళి చెప్పరు. రత్నమణి గారికి తెలియనే తెలియదు. కోళ్ళు మాట్లాడవు. షెడ్డు నాదే, కొత్త పిల్లలు నావే. రోగం ఎవరికైనా వస్తది.

మార్చి 4

రోగం ఎవరికైనా వస్తది. పెద్దమ్మే అంది.

మార్చి 5

అద్దం ముందు నిలబడి ఆ మాట అని చూశాను. చాలా సహజంగా వచ్చింది. వార్డెన్ మొహం లాగే.

మార్చి 6, శుక్రవారం

నందిగామ వెళ్ళాను. డబ్బాలో వేడి అన్నం, చిన్న సీసాలో నెయ్యి, పొట్లంలో పొడి. దారంతా మాటలు సిద్ధం చేసుకున్నాను. రోగం మాట ఒకటి, నిజం మాట ఒకటి. జగ్గయ్యపేట దగ్గర రోగం గెలిచింది. నందిగామ అడ్డరోడ్డు దగ్గర నిజం గెలిచింది. రూబీ అక్క ఇంటి మెట్ల మీద ఇద్దరూ పారిపోయారు.

అందుకే ఏమీ చెప్పలేదు. అన్నం కలిపి పెద్దమ్మ చేతికిచ్చాను.

శుక్రవారం కాబట్టి పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. నెలన్నరగా రూబీ అక్క చప్పిడి పథ్యం పెడుతోంది. మొదటి ముద్దకి కళ్ళు మూసుకుంది. రెండో ముద్దకి, "ఎవరు చేశారే ఇది? నాలుక లేచొచ్చింది. ఉప్పూ కారం ఎంత బాగా..." అంది.

చెయ్యి ఆగింది. అచ్చం నాకు ఆగినట్టే.

పెద్దమ్మ నన్ను చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

"ఇదేనా నీ పొడి?"

"ఇదే."

"కోళ్ళకి?"

"కోళ్ళకే."

"ఉప్పేసి?"

"ఉప్పేసి, పెద్దమ్మా. నీళ్ళలో కూడా."

ఆ తర్వాత నాకు పడాల్సిన తిట్లన్నీ పడ్డాయి. మా తాతగారితో మొదలుపెట్టి, నా డిగ్రీ మీదుగా, నాకు పుట్టబోయే వాళ్ళ దాకా వెళ్ళింది. రూబీ అక్క వంటింట్లోంచి వచ్చి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. నేను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. హాస్టలు సంగతి కూడా చెప్పేశాను, సున్నుండలతో సహా. అక్కడ పెద్దమ్మ తిట్లు ఆపి, కంచం కేసి చూసింది.

"నలభై ఏళ్ళుగా కోళ్ళు పెంచుతున్నానే. ఒక్క కోడికీ ఇంత రుచిగా చేసి పెట్టలా."

అని నవ్వడం మొదలుపెట్టింది. తుంటి నొప్పెడుతోందని ఒక చేత్తో పట్టుకుని మరీ నవ్వింది. నేను నవ్వలేదు. నాకు ఏడుపొచ్చింది, కారం వల్లే.

తర్వాత నవ్వాపి, "రోగమని చెప్తే నమ్మేదాన్ని కదే" అంది.

"తెలుసు."

కంచంలో మిగిలిన అన్నం మెతుకు లేకుండా తినేసింది. చెయ్యి కడుక్కుని ఫోన్ అందుకుంది. కిషోర్‌బాబు గారికి. షెడ్డు రెండో తాళం గోడకి కొట్టిన మేకుకే ఉంది, దాన్నే చూస్తున్నాను.

"బాబూ, ఆ టేపు ఇంట్లోనే పెట్టుకోండి. ఇంకో బ్యాచ్ చూసి చెప్తా."

ఫోన్ పెట్టేసి నా వైపు వేలు చూపించింది. "ఇకనించి కోళ్ళకి ఏది వేసినా ముందు నువ్వు తిను. నీ నోట్లో పడ్డాకే కోడి నోట్లో."

తెల్ల ప్యాకెట్ల సంగతేమిటి అని అడిగింది. డాక్టరు వెయ్యమంటే వేస్తాను, ఆయన చెప్పకుండా వెయ్యను, నువ్వు చెప్పినా వెయ్యను అన్నాను. కాసేపు నా మొహం చూసి సరేలే అంది.

పొడి పొట్లం తీయబోతే చేతి మీద కొట్టింది. "అది ఇక్కడే వదిలెళ్ళు."

మార్చి 7

రత్నమణి గారికీ చెప్పాలి కదా. చెప్పాను. ఆవిడ తిట్టలేదు. అదే ఎక్కువ కష్టమైంది.

"కోళ్ళకా" అంది. "అమ్మానాన్నల్ని వదిలేసి ఎక్కడో ఉన్న ఆడపిల్లలు కదా అని, రెండు రోజులూ వాళ్ళనే తలుచుకుంటూ దంచాను తల్లీ."

నేను తల వంచుకుని నిలబడ్డాను. చేతిలో ఖాళీ సున్నుండల డబ్బా ఉంది, తిరిగి ఇవ్వడానికి తెచ్చింది. ఆవిడ దాన్ని తీసుకుని, మూత తీసి లోపలికి చూసి, "శుభ్రంగా కడిగావులే" అంది.

డబ్బా లోపల పెట్టి వచ్చి, ఉప్పు లేకుండా పొడి దంచడం చేతికి రాదు, నువ్వు పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకో అంది.

ఏప్రిల్ 5, ఈస్టర్

ఈ బ్యాచ్‌లో మిగిలినవి కిలోకి అటూ ఇటూ తూగాయి. ఎక్కువ కిషోర్‌బాబు గారి ధాబాకే వెళ్ళాయి. మసాలా తక్కువ పడుతోందా అని అడిగాను. ఆయన మొదటిసారి నవ్వారు.

పెద్దమ్మ చేతికర్ర పట్టుకుని చర్చికి వచ్చింది. బయటికి రాగానే చెవిలో, "ఊక పొడిగా ఉందా?" అంది. షెడ్డు ఖాళీ పెద్దమ్మా అన్నాను. "అయినా చూడు" అంది.

ఏప్రిల్ 13

కొత్త పిల్లలు దిగాయి. బల్బు కింద పసుపుపచ్చగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, లోకమంతా తమదే అన్నట్టు.

రత్నమణి గారి కొత్త పొడి విప్పాను. నిద్ర సరిగా పట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకున్నాను. కళ్ళు మూసుకుని, చాలాసేపు, నాలుక నాలుగు మూలలా వెతికాను.

చప్పగా ఉంది.

ఆమెన్.